వర్ణోచ్చారణ వైలక్షణ్యాన్ని తెలిపే పారిభాషిక పదాలు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక వర్ణాన్ని నలుగురూ పలికే తీరుకు భిన్నంగా పలకడం, ఒక వర్ణాన్ని మాటలో మితిమీరి వాడడం అనే రెండు విషయాలకు ప్రాచీన కాలం నుంచి ప్రత్యేకమైన పేర్లు ఉన్నాయి. గ్రీకు, లాటిన్ అలంకారికులు వర్ణం పేరుతోనే ఆ పదాలను కల్పించారు. భారతీయ శిక్షా ప్రాతిశాఖ్య గ్రంథాలు ఉచ్చారణావయవాల స్థితిని బట్టి పేర్లు పెట్టాయి. కాలక్రమంలో ఈ పదాలు శారీరకమైన ఇబ్బందికి, భాషలో కలిగే ధ్వని పరిణామానికి, శైలిలోని వర్ణావృత్తికి కలగాపులగంగా వర్తించసాగాయి. ఆ మూడింటి మధ్య ఉన్న భేదాన్ని ఉదాహరణలతో వివరించి, తెలుగులో వాటిని వేరువేరుగా సూచించే పదాలు ఎందుకు అవసరమో చూపడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: ఉచ్చారణ, రేఫ, లకారం, ఊష్మాలు, శిక్షాశాస్త్రం, ప్రాతిశాఖ్యం, మాండలికం, అనుప్రాస, పరిభాష

1. ఉపోద్ఘాతం

మూడేళ్ల పసివాడు 'రాముడు' అనవలసిన చోట 'లాముడు' అంటే ఇంటిల్లిపాదీ ముచ్చటపడతారు. అదే మాట పదేళ్ల బాలుడు అంటే తరగతిలో తోటివారు నవ్వుతారు. అశోకుని ధౌలి, జౌగడ శాసనాలలో 'రాజా' అనే పదం 'లాజా' అని కనిపిస్తే భాషాశాస్త్రవేత్త దానిని ప్రాచ్య ప్రాకృత లక్షణంగా నమోదు చేస్తాడు. మూడు చోట్లా జరిగినది ఒకటే: రేఫ స్థానంలో లకారం వచ్చింది. మొదటిది ఎదుగుదలలో ఒక దశ, రెండవది సహాయం అవసరమయ్యే స్థితి, మూడవది ఒక ప్రాంతపు భాషాస్వరూపం. ధ్వని ఒకటే అయినా దానికి పెట్టవలసిన పేరు మాత్రం ఒకటి కాదు.

పేరు విషయంలో ఇంత పట్టింపు ఎందుకు అనే ప్రశ్న సహజం. ఒక ఉచ్చారణకు 'దోషం' అని పేరు పెట్టిన మరుక్షణమే దానిని పలికే మనిషి దోషి అవుతాడు. మాండలికానికి దోషమని పేరు పెడితే ఒక ప్రాంతం వారంతా తప్పుగా మాట్లాడుతున్నట్లు అవుతుంది. శారీరకమైన ఇబ్బందిని 'యాస' అనో 'ముద్దుమాట' అనో సరిపెట్టుకుంటే సకాలంలో అందవలసిన సహాయం అందకుండా పోతుంది. కాబట్టి పరిభాష ఇక్కడ పండితుల వాదానికి మాత్రమే పరిమితమైన విషయం కాదు.

2. గ్రీకు, లాటిన్ సంప్రదాయం

ఐరోపా భాషలలో నేటికీ వాడుకలో ఉన్న పదాలు గ్రీకు అక్షరాల పేర్ల నుంచి పుట్టాయి. రేఫకు గ్రీకు పేరు 'రో' కనుక రొటాసిజం, లకారానికి 'లాంబ్డా' కనుక లాంబ్డాసిజం, సకారానికి 'సిగ్మా' కనుక సిగ్మాటిజం, ఇకారానికి 'అయోటా' కనుక అయోటాసిజం, మకారానికి 'మ్యూ' కనుక మైటాసిజం ఏర్పడ్డాయి. ఇదే మూసలో కకారానికి కప్పాసిజం, గకారానికి గామాసిజం, బకారానికి బీటాసిజం తరువాతి కాలంలో చేరాయి.

పదాల కంటే ముందు పరిహాసం ఉంది. ఏథెన్సు నాయకుడు ఆల్సిబయాడీసు రేఫను లకారంగా పలికేవాడు. క్రీ.పూ. 422లో ప్రదర్శితమైన 'కందిరీగలు' అనే నాటకంలో అరిస్టోఫేనీసు ఈ అలవాటును ఆధారం చేసుకొని చమత్కారం సాధించాడు. కాకి అనే అర్థమిచ్చే గ్రీకు పదంలో రేఫను లకారంగా మారిస్తే అది ముఖస్తుతి చేసేవాడు అనే అర్థమిచ్చే పదం అవుతుంది. అయితే అదే ఉచ్చారణ అతని మాటకు ఒక సొగసును ఇచ్చేదని ప్లూటార్క్ రాశాడు. ఆల్సిబయాడీసు కుమారుడు తండ్రి నడకనూ, మెడ వంచే తీరునూ, పలుకునూ అనుకరించేవాడని ఆర్కిప్పసు అనే హాస్యనాటకకర్త ఎగతాళి చేసిన సంగతిని కూడా ప్లూటార్కే పేర్కొన్నాడు. తండ్రికి నాలుక తిరగకపోవడం వల్ల వచ్చినది కుమారునికి వేషంలో ఒక భాగమైంది.

మహావక్త డెమోస్తనీసు విషయం ఇందుకు భిన్నమైనది. తాను అభ్యసించే కళ పేరులోని మొదటి వర్ణాన్నే అతడు పలకలేకపోయేవాడనీ, సాధనతో దానిని జయించాడనీ సిసిరో పేర్కొన్నాడు. వక్తృత్వ కళకు గ్రీకులో ఉన్న పేరు 'రెటోరికే' రేఫతో మొదలవుతుంది. ఏ వర్ణం పలకడం కష్టమో ఆ వర్ణం సమస్య పేరులోనే ఉండడం ఈ పదజాలంలో తరచు కనిపించే విచిత్రం. రొటాసిజం ఉన్నవారు ఆ మాటను పలకలేరు. సిగ్మాటిజం విషయంలోనూ అంతే.

క్రీ.శ. ఒకటవ శతాబ్దికి చెందిన క్వింటిలియన్ తన వక్తృత్వ శిక్షణ గ్రంథంలో అయోటాసిజం, లాంబ్డాసిజం అనే పేర్లను నోటికీ నాలుకకూ సంబంధించిన దోషాల మధ్య ప్రస్తావించాడు. ఇవి రాతలో చూపించడానికి వీలుకానివని ఆయన అభిప్రాయం. రాతలో చూపలేనిదానిని తరువాతి వ్యాకర్తలు తమకు తోచినట్లు నిర్వచించారు. ఏడవ శతాబ్దిలో సెవిల్ నగరానికి చెందిన ఇసిడోరు దృష్టిలో లాంబ్డాసిజం అంటే ఒక లకారం ఉండవలసిన చోట రెండు పలకడం. అది ఆఫ్రికావాసుల పలుకుబడి అని ఆయన చేర్చాడు. అంటే ఇక్కడ ఆ పదం ఒక ప్రాంతీయ ఉచ్చారణకు పేరయింది. అయిదవ శతాబ్దికి చెందిన మార్షియానస్ కపెల్లా ఇవే పదాలను ఒకే వర్ణం వాక్యంలో పదే పదే రావడమనే రచనాదోషానికి వాడాడు. ఒకే పదం కొన్ని శతాబ్దుల వ్యవధిలో నాలుక తడబాటును, ప్రాంతపు పలుకును, శైలిదోషాన్ని సూచించింది. నేటి గందరగోళానికి మూలం ఇక్కడే ఉంది.

3. భారతీయ సంప్రదాయం

3.1 అవయవ స్థితిని బట్టి పేర్లు

వేదపాఠాన్ని అక్షరం జారకుండా కాపాడుకోవలసిన అవసరం వల్ల భారతదేశంలో ఉచ్చారణ శాస్త్రంగా ఎదిగింది. ఋగ్వేద ప్రాతిశాఖ్యం పదునాల్గవ పటలం ప్రత్యేకంగా ఉచ్చారణ దోషాలకు కేటాయించినది. పెదవులు బిగించి పలికితే 'అంబూకృతం', నాలుక మొదలు అదిమిపెట్టి పలికితే 'గ్రస్తం', దవడలు నొక్కిపట్టి పలికితే 'సందష్టం' అని అందులో పేర్లున్నాయి. రేఫ విషయంలో నాలుక అతిగా తాకడం 'అతిస్పర్శ', గరగరలాడినట్లు పలకడం 'బర్బరత'.

గ్రీకు పదాలు ఏ వర్ణం చెడిందో చెబుతాయి. ప్రాతిశాఖ్య పదాలలో చాలావరకు ఏ అవయవం ఏం చేయడం వల్ల చెడిందో చెబుతాయి. దిద్దుబాటు కోరే గురువుకు రెండవ పద్ధతి ఎక్కువ ఉపయోగకరం. సకారం సరిగా రాలేదంటే శిష్యునికి తన లోటు మాత్రమే తెలుస్తుంది. నాలుక కొన పళ్ల మధ్యకు వస్తున్నదని చెబితే దానిని ఎలా సవరించుకోవాలో తెలుస్తుంది. ఆధునిక వాక్చికిత్సలో సకారపు తేడాలను దంతాంతర సిగ్మాటిజం, పార్శ్విక సిగ్మాటిజం అని విభజించడం ఈ రెండు పద్ధతుల కలయికే. మొదటిదానిలో నాలుక పళ్ల మధ్యకు వస్తుంది. రెండవదానిలో గాలి నాలుక పక్కల నుంచి పోతుంది.

3.2 అసురులు, ఋషులు

పతంజలి మహాభాష్యంలోని పస్పశాహ్నికంలో రెండు కథలు ఉన్నాయి. మొదటిది ప్రసిద్ధమైనది. 'ఓ శత్రువులారా' అనే అర్థంలో 'హే అరయః' అని పిలవవలసిన అసురులు రేఫను లకారం చేసి 'హేలయః' అని పలికి పరాభవం పొందారు. అపశబ్దం పలకరాదని, వ్యాకరణం చదవాలని చెప్పడానికి ఈ కథను అందరూ ఉదాహరిస్తారు.

రెండవ కథకు అంత ప్రచారం లేదు. యర్వాణస్తర్వాణులు అనే ఋషులు ఉండేవారట. తెలియవలసినదంతా తెలిసినవారు. వారు 'యద్వానః, తద్వానః' అనవలసిన చోట దకారాన్ని రేఫగా మార్చి 'యర్వాణః, తర్వాణః' అని పలికేవారు. ఆ పలుకే వారికి పేరయింది. నేటి పరిభాషలో ఇది అచ్చమైన రొటాసిజం. అయినా వారికి ఏ దోషమూ అంటలేదు. ఎందుకంటే వారు యజ్ఞకర్మలో ఆ విధంగా పలకలేదు. లోకవ్యవహారంలో మాత్రమే అలా మాట్లాడేవారు. అసురులు యజ్ఞకర్మలోనే అపభాషణం చేశారు, అందుకే ఓడిపోయారని పతంజలి స్పష్టంగా భేదం చూపాడు.

రెండు కథలను కలిపి చదివితే తేలే విషయం ముఖ్యమైనది. వర్ణం మారడం దానంతట అదే దోషం కాదు. ఏ సందర్భంలో, ఏ నియమానికి కట్టుబడవలసిన చోట మారింది అన్నదే దోషాన్ని నిర్ణయిస్తుంది. మొదటి కథ మాత్రమే ప్రచారంలోకి వచ్చి రెండవది మరుగున పడడం వల్ల పతంజలి చూపిన ఈ వివేకం తరువాతి చర్చలలో తగినంతగా కనిపించదు.

3.3 శకారుడు

ఒక వర్ణాన్ని అతిగా వాడడమే మనిషి పేరు కావడానికి సంస్కృత నాటకంలో ప్రసిద్ధమైన ఉదాహరణ శూద్రకుని 'మృచ్ఛకటికం'లోని శకారుడు. రాజుగారి బావమరిది అయిన ఇతడు సకారం రావలసిన చోటనల్లా శకారం, రేఫ రావలసిన చోట లకారం పలుకుతాడు. మాటలో శకారం ఎక్కువ కనుక శకారుడయ్యాడని సంప్రదాయం చెబుతుంది. వసంతసేన పేరులోని సకారాలు కూడా అతని నోట శకారాలే. ప్రేక్షకులు నవ్వుతారు.

అయితే అదే నాటకంలో శకారుని బండి తోలే సేవకుడు స్థావరకుడు కూడా మాగధి మాట్లాడతాడు. అతని మాటలోనూ ఇవే శకారాలు, ఇవే లకారాలు ఉన్నాయి. వసంతసేనను చంపమని యజమాని ఆజ్ఞాపిస్తే ఎదిరించి కాదన్నవాడు ఇతడే. చారుదత్తుని ముద్దుల కొడుకు రోహసేనుడు మాట్లాడేదీ మాగధియే. వీరి పలుకు ఎవరినీ నవ్వించదు. నవ్వు శకారం వల్ల పుట్టలేదు, శకారుని అహంకారం వల్ల, అజ్ఞానం వల్ల పుట్టింది. ఆ నవ్వును ధ్వనికి అంటగట్టడం లోకసహజమైన పొరపాటు.

4. ఒకే పేరు, మూడు విషయాలు

పై చరిత్రను క్రోడీకరిస్తే ఈ పదాలు మూడు వేర్వేరు విషయాలను సూచిస్తున్నట్లు స్పష్టమవుతుంది.

4.1 వ్యక్తికి కలిగే ఉచ్చారణ ఇబ్బంది

ఒక వ్యక్తి తన చుట్టూ ఉన్నవారందరూ పలికే వర్ణాన్ని పలకలేకపోవడం మొదటిది. దీనికి కారణాలు అనేకం. వినికిడి లోపం, గ్రహణంమొర్రి, దంతాల అమరిక, నాలుక కదలికపై అదుపు చాలకపోవడం వాటిలో కొన్ని. ఏ శారీరక కారణమూ కనిపించకుండా తప్పుగా స్థిరపడిన అలవాటుగా కూడా ఇది ఉండవచ్చు. జర్మన్, ఇటాలియన్, పోలిష్ వంటి భాషల వాక్చికిత్సా పరిభాషలో వర్ణం వికృతంగా వెలువడితే రొటాసిజం అనీ, దాని స్థానంలో మరో వర్ణం వస్తే పారారొటాసిజం అనీ భేదం పాటించే సంప్రదాయం ఉంది. తెలుగు పిల్లలు కొందరు 'కాకి'ని 'తాతి' అనడం ఇటువంటి వర్ణ వినిమయమే. నాలుక వెనుక భాగం లేవవలసిన చోట ముందు భాగం లేవడం వల్ల అది కలుగుతుంది.

రేఫ అనేక భాషలలో పిల్లలకు ఆలస్యంగా పట్టుబడే వర్ణాలలో ఒకటి. నాలుక కొనను వేగంగా తాకించి విడవడానికి సూక్ష్మమైన అదుపు అవసరం. కాబట్టి పసితనంలో 'లాముడు' అనడం ఎదుగుదలలో భాగమే. వయసుతో పాటు అది సరికాకపోతే అప్పుడు వాక్చికిత్సకుల సలహా, అంతకుముందు వినికిడి పరీక్ష అవసరమవుతాయి.

4.2 భాషకు కలిగే ధ్వని పరిణామం

ఒక సమాజమంతా ఒక వర్ణాన్ని మరో విధంగా పలకడం రెండవది. ప్రాచీన లాటిన్‌లో అచ్చుల మధ్య సకారం రేఫగా మారింది. పువ్వు అనే అర్థమిచ్చే 'ఫ్లోస్' షష్ఠీ విభక్తిలో 'ఫ్లోరిస్' అవుతుంది. వలేసియస్ అనే వంశనామం వలేరియస్ అయింది. దీనిని భాషాశాస్త్రవేత్తలు రొటాసిజం అనే పిలుస్తారు.

ఇక్కడ ఒక చిక్కును గమనించాలి. చరిత్రలో రొటాసిజం అంటే మరో వర్ణం రేఫగా మారడం. చికిత్సలో రొటాసిజం అంటే రేఫ రేఫగా రాకపోవడం. దిశలు పరస్పర విరుద్ధం, పేరు మాత్రం ఒక్కటే.

ప్రాంతీయ భేదాల విషయంలో స్పానిష్ భాష మంచి ఉదాహరణ. కాస్తీలియా ప్రాంతంలో సకారానికీ, నాలుకను పళ్ల మధ్య ఉంచి పలికే మరో ఊష్మానికీ భేదం ఉంది. లాటిన్ అమెరికాలో దాదాపు అంతటా ఆ భేదం పోయి రెండూ సకారాలయ్యాయి. దానికి 'సెసేఓ' అని పేరు, దానికి ప్రామాణిక గౌరవం ఉంది. దక్షిణ స్పెయిన్‌లోని ఆండలూసియాలో కొన్నిచోట్ల రెండూ దంతాంతర ఊష్మాలయ్యాయి. దానికి 'థెథేఓ' అని పేరు, దానిని పల్లెటూరి పలుకుగా చిన్నచూపు చూస్తారు. భేదం పోవడం రెండుచోట్లా సమానమే. గౌరవంలో తేడాకు కారణం ధ్వనిలో లేదు, సమాజంలో ఉంది. కాస్తీలియా దంతాంతర ఊష్మం నత్తిగా మాట్లాడే ఒక రాజును జనం అనుకరించడం వల్ల పుట్టిందనే కట్టుకథ కూడా ప్రచారంలో ఉంది. ఆ రాజుకు సకారం పలకడం రాక ఆ ఉచ్చారణ పుట్టి ఉంటే సకారాలన్నీ మారిపోవాలి. కాస్తీలియా వారు సకారాన్ని సకారంగానే పలుకుతూ, దాని పక్కన రెండవ వర్ణాన్ని నిలుపుకొన్నారు. ఒక భాషా లక్షణానికి శారీరక లోపాన్ని కారణంగా ఊహించడం ఎంత సులభమో ఈ కథ చెబుతుంది.

రేఫనే తీసుకుంటే, కొండనాలుక దగ్గర పలికే రేఫ ఫ్రెంచి భాషలో ప్రామాణికం. అదే రేఫను ఇటలీలో 'మెత్తని రేఫ' అనే అర్థమిచ్చే మాటతో పిలిచి లోపంగానో, కొన్నిచోట్ల డాబుసరి పలుకుగానో భావిస్తారు. ఆల్ప్స్ పర్వతాలకు ఒకవైపు ప్రమాణమైనది మరోవైపు లోపమైంది.

4.3 శైలిలో వర్ణావృత్తి

ఒక వర్ణం రచనలో మళ్లీ మళ్లీ రావడం మూడవది. యూరిపిడీసు 'మెడియా' నాటకంలో ఒక పంక్తి నిండా సకారాలు ఉన్నాయని గ్రీకు హాస్యనాటకకర్తలు గేలిచేశారు. అతనికి చాలా ముందే హెర్మియోనికి చెందిన లాససు అనే కవి సకారమే లేని గీతాలు రచించాడు. మనదేశంలో వర్ణావృత్తి వృత్త్యనుప్రాసగా అలంకారమైంది. అదే రసానికి తగని పరుష వర్ణాలతో చెవికి కటువుగా ఉంటే 'శ్రుతికటువు' అనే దోషమైంది. అంటే వర్ణావృత్తి గుణమా దోషమా అన్నది ఇక్కడ కూడా సందర్భాన్ని బట్టే తేలుతుంది.

శారీరక ఇబ్బందికీ శైలికీ ముడివేసిన అపూర్వమైన కల్పన దండి 'దశకుమారచరితం'లో ఉంది. ప్రియురాలి దంతక్షతాలతో పెదవి నొచ్చిన మంత్రగుప్తుడు తన కథను ఓష్ఠ్య వర్ణాలు లేకుండా చెబుతాడు. పెదవుల బాధ ఒక రచనానియమం అయింది. తెలుగులో మరింగంటి సింగరాచార్యులు 'దశరథరాజనందన చరిత్ర'ను నిరోష్ఠ్య కావ్యంగా రచించాడు. పలకలేకపోవడం వేరు, పలకకుండా ఉండడానికి నియమం పెట్టుకోవడం వేరు అని గుర్తించడానికి ఈ రచనలు చక్కని ఆధారాలు.

5. తెలుగులో పరిస్థితి

తెలుగు వాడుకలో ఉచ్చారణ వైలక్షణ్యాన్ని తెలిపే మాటలకు కొదవ లేదు. నత్తి, తొక్కుపలుకులు, ముద్దమాట, ముక్కుతో మాట్లాడడం, నోరు తిరగకపోవడం, యాస అనేవి అందరికీ తెలిసినవి. ఇవి వినేవారికి కలిగే అనుభూతిని చెబుతాయి, ఏ వర్ణం ఎలా మారిందో చెప్పవు. పైగా 'నత్తి' అనే మాట, పలుకు మధ్యలో ఆగిపోవడానికీ అక్షరం తిరిగి తిరిగి రావడానికీ వర్తించవలసినది కాగా, వ్యవహారంలో వర్ణాలు సరిగా పలకకపోవడానికి కూడా వాడుతున్నారు. మొదటిది మాట ధారకు సంబంధించినది, రెండవది వర్ణం ఏర్పడే తీరుకు సంబంధించినది. రెండింటి చికిత్సామార్గాలు వేరు.

ధ్వని పరిణామాల విషయంలో తెలుగు చరిత్ర సుసంపన్నమైనది. ప్రాచీన శాసనాలలో ఉన్న 'ఴ' అనే వర్ణం తరువాత లుప్తమైంది. శాసనాల 'చోఴ' శబ్దం చోడ, చోళ రూపాలు పొందింది. తమిళంలో 'కీఴ్'కు సమానమైన తెలుగు మాటలో ఆ వర్ణం రేఫగా మారి 'క్రింద' అయింది. అటుపై ఆ రేఫ కూడా పోయి 'కింద' మిగిలింది. ఇదే విధంగా ప్రొద్దు పొద్దు అయింది, వ్రాయు రాయు అయింది, గ్రుడ్డు గుడ్డు అయింది. ఒకప్పుడు గ్రామ్యమని తోసిపుచ్చిన ఈ రూపాలు నేడు ప్రామాణిక రచనలో నిలిచాయి. గిడుగు రామమూర్తి ప్రభృతులు సాగించిన వ్యావహారిక భాషోద్యమం తరువాత ఇటువంటి రూపాలను తప్పుగా చూసే దృష్టి మారింది. సాధురేఫకూ శకటరేఫకూ భేదం పోవడమూ ఇటువంటిదే. ఏరుకొనడంలోని 'ఏరు', నది అనే అర్థంలోని 'ఏఱు' నేడు ఉచ్చారణలో ఒకటే. దీనిని ఎవరూ లోపమని అనరు.

అదే దృష్టి ళకార, ణకారాల విషయంలో ఇంకా రాలేదు. 'కళ్ళు'ను 'కల్లు'గా, 'వేళ'ను 'వేల'గా పలికేవారు తెలుగునాట ఎందరో ఉన్నారు. శ, ష, స అనే మూడింటినీ సకారంగా పలికేవారు, మహాప్రాణాలను అల్పప్రాణాలుగా పలికేవారు ఉన్నారు. మహాప్రాణాలు, శకార షకారాలు తెలుగులోకి ప్రధానంగా సంస్కృత పదాలతో వచ్చినవి. ఇంట్లో వినని భేదాన్ని పిల్లవాడు బడిలో నేర్చుకోవలసి వస్తుంది. అది అతని నాలుకలోని లోపం కాదు. అర్థభేదం పోతుంది కనుక బడి ఆ భేదాన్ని నేర్పడం సమంజసమే. కానీ నేర్పడానికీ ఎగతాళికీ మధ్య హద్దు ఉండాలి.

ఎగతాళికి భయపడినవారి పలుకులో మరో వైలక్షణ్యం పుడుతుంది. ఒత్తు పలకలేదని పదే పదే అనిపించుకున్నవారు అవసరం లేని చోట కూడా ఒత్తు పెడతారు. 'బాధ' 'భాద' అవుతుంది, 'దీర్ఘం' 'ధీర్ఘం' అవుతుంది. ఇంగ్లీషు ప్రభావంతో 'ఫలితం'లోని ఓష్ఠ్య ఫకారాన్ని పై పళ్లు కింది పెదవికి ఆనించి పలకడం నేటి యువతరంలో విరివిగా వినిపిస్తున్నది. ఇవి సామర్థ్యం లేక వచ్చినవి కావు. ఘనమైనదిగా తోచిన ధ్వనిని అవసరానికి మించి వాడడం వల్ల వచ్చినవి. వీటిని 'అతిశుద్ధి' అనవచ్చు. వర్ణాన్ని మితిమీరి వాడడమనే ప్రాచీన భావనకు సమకాలీన తెలుగులో సజీవమైన ఉదాహరణ ఇదే.

6. పదాల ఎంపిక

రొటాసిజం వంటి పదాలను తెలుగులో యథాతథంగా వాడితే వాటిలోని అస్పష్టత కూడా వెంట వస్తుంది. వాటిని అనువదించేటప్పుడు 'లోపం' అనే మాటను చేర్చడం మరింత ఇబ్బందికరం. వ్యాకరణంలో లోపం అంటే వర్ణం కనిపించకుండా పోవడం మాత్రమే. అందులో నింద లేదు. 'క్రింద' 'కింద' కావడం రేఫలోపం. సామాన్య వ్యవహారంలో లోపం అంటే కొరత, అవకరం. 'రేఫలోపం' అనే ఒకే మాట వైయాకరణునికి ఒక సూత్రంగా, తల్లికి తన బిడ్డపై వేసిన ముద్రగా వినిపిస్తుంది.

కాబట్టి వర్ణం పేరును మొదటి భాగంగా ఉంచి, విషయాన్ని బట్టి రెండవ భాగాన్ని మార్చడం మేలు. వ్యక్తికి సంబంధించినది 'రేఫోచ్చారణ సమస్య'. మరో వర్ణం రేఫగా మారే చారిత్రక పరిణామం 'రేఫీభావం'. ప్రాంతాన్ని బట్టి, వర్గాన్ని బట్టి రేఫ పలికే తీరులోని తేడా 'రేఫభేదం'. రచనలో రేఫ పదే పదే రావడం 'రేఫావృత్తి'. ఇదే పద్ధతిలో లకారోచ్చారణ సమస్య, లకారీభావం, లకారభేదం, లకారావృత్తి అని చెప్పుకోవచ్చు. సకారానికీ ఇదే క్రమం వర్తిస్తుంది. అశోక శాసనాల 'లాజా' లకారీభావం. పదేళ్ల బాలుని 'లాముడు' రేఫోచ్చారణ సమస్య. రెండింటిలో వెలువడిన ధ్వని లకారమే అయినా మొదటి పదం పరిణామ ఫలితాన్ని, రెండవ పదం ఇబ్బంది పెట్టిన వర్ణాన్ని సూచిస్తున్నాయి. దిశ విషయంలోని చిక్కు దీనితో తీరుతుంది.

ఏ పదం వాడాలో తేల్చుకోవడానికి కొన్ని ప్రశ్నలు చాలు. ఇంట్లో పెద్దలు కూడా అలాగే పలుకుతున్నారా? అవునంటే అది భేదం. ఆ వర్ణాన్ని ఇతరులు పలికినప్పుడు తేడా వినిపిస్తున్నదా? వినిపించకపోతే ముందు వినికిడిని పరీక్షించాలి. ఒత్తి చెప్పమంటే పలకగలుగుతున్నాడా? పలకగలిగితే అది అలవాటు. అవసరం లేని చోట కూడా ఆ వర్ణం వస్తున్నదా? వస్తే అది అతిశుద్ధి. వయసు దాటినా, ప్రయత్నించినా, ఇంటివారందరూ పలుకుతున్నా తాను పలకలేకపోతే అప్పుడు అది సమస్య. దానికి సహాయం అందించాలి.

7. ముగింపు

గ్రీకులు వర్ణాన్ని చూసి పేరు పెట్టారు. ప్రాతిశాఖ్యకారులు అవయవాన్ని చూసి పేరు పెట్టారు. పతంజలి సందర్భాన్ని కూడా చూశాడు. మూడు దృష్టులూ అవసరమైనవే. ఏ వర్ణం, ఏ అవయవం, ఏ సందర్భం అనే మూడింటికీ సమాధానం దొరికిన తరువాతనే ఒక ఉచ్చారణకు పేరు పెట్టడం న్యాయం. నిఘంటుకర్తలు, పాఠ్యపుస్తక రచయితలు, ఉపాధ్యాయులు, వాక్చికిత్సకులు ఈ భేదాలను ఒకే పరిభాషలో పాటిస్తే చికిత్స అవసరమైన పిల్లవాడు చికిత్స వైపు, ప్రోత్సాహం అవసరమైన పిల్లవాడు పాఠం వైపు నడుస్తారు. యర్వాణస్తర్వాణులను వారి పలుకుతోనే పిలిచిన లోకం వారిని ఋషులుగానే గౌరవించింది. పలుకును బట్టి పేరు పెట్టినా, పేరును బట్టి మనిషికి విలువ కట్టకూడదని ఆ కథ నేటికీ చెబుతున్నది.